పచ్చ బటన్ మీద చీపురుపుల్ల: బోరు మోటారు టైమరు డైరీ

ఫిబ్రవరి 8

ఊరికి వెళ్లినప్పుడల్లా బోరు దగ్గర స్టార్టరు డబ్బా తెరిచి చూడడం నాకు అలవాటు. బల్లులు, చీమలు, కాలిన వైర్లు ఏవో ఒకటి ఉంటాయి. ఈసారి తెరవగానే చీపురుపుల్ల కనిపించింది. పచ్చ బటన్‌ను లోపలికి నొక్కి, పక్క సందులో పుల్ల దోపి, అది మళ్లీ బయటికి రాకుండా బిగించారు. ఎవరి పనో అడగనక్కర్లేదు.

"నాయనా, ఇదేమిటి?"

"కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ఇంటి నుంచి ఇంత దూరం నడిచి రావాలా నేను? పుల్ల పెడితే అదే తిరుగుతుంది."

మాది కడప జిల్లా. చీనీ తోట, 5 హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్ మోటారు, పగటిపూట తొమ్మిది గంటల త్రీఫేజ్ కరెంటు. ఆ తొమ్మిది గంటల్లో ఎన్నిసార్లు పోయి వస్తుందో లెక్కలేదు. అరవై ఎనిమిదేళ్ల మనిషి ఎండలో గట్లమ్మట అన్నిసార్లు నడవలేడు. కోపం వచ్చింది గానీ, ఆయన మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది.

పుల్లతో వచ్చే చిక్కు ఇది. పచ్చ బటన్ నొక్కితే కాంటాక్టర్ (మోటారుకు కరెంటు కలిపే పెద్ద స్విచ్చు) కాయిల్‌కు కరెంటు అందుతుంది, కాంటాక్టర్ లాక్కుంటుంది. వేలు తీసినా దాని పక్కనున్న చిన్న కాంటాక్టు కాయిల్‌ను పట్టి ఉంచుతుంది. కరెంటు పోతే అంతా వదిలేస్తుంది, మళ్లీ మనిషి వచ్చి నొక్కేదాకా కదలదు. అది లోపం కాదు, కావాలని పెట్టిన కాపలా. పుల్ల దోపితే కాపలా పోయింది. వోల్టేజీ తక్కువగా వస్తే కాంటాక్టర్ పట్టుకోలేక, వదలలేక టకటకమని కొట్టుకుంటుంది. పైపులో నీళ్లు కిందికి దిగుతూ పంపును వెనక్కి తిప్పుతుండగానే మోటారు ముందుకు లాగితే షాఫ్టుకు దెబ్బ. కింద బిగించిన వాల్వు నీటిని ఆపుతుందంటారు. పదేళ్ల నాటి వాల్వును నమ్మలేం.

పుల్ల బదులు నాకు కావలసింది ఒక వేలు. కరెంటు వచ్చాక నిమిషంన్నర ఆగి, ఒక్క సెకను నొక్కి, వెనక్కి వెళ్లిపోయే వేలు. మళ్లీ కరెంటు పోయి వచ్చేదాకా దానికి పని లేదు. ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదివి ఇరవై ఏళ్లు లెక్కలు రాసుకుంటూ బతికిన నాకు ఇది అందే పనే అనిపించింది. బజారులో ఆటో స్టార్టర్లు దొరుకుతాయి, కొనవచ్చు. చేయాలనిపించింది, అంతే.

ఫిబ్రవరి 9, తిరుగు బస్సులో

టికెట్ వెనక గీసుకున్నది: రెండు 555 ఐసీలు, అంటే టైమరు చిప్పులు. మొదటిది ఆలస్యం కొలుస్తుంది. దాని అవుట్‌పుట్ పడిపోయిన క్షణాన రెండోది లేచి ఒక సెకను రిలేను (కరెంటుతో కదిలే చిన్న స్విచ్చు) లాగుతుంది. రెసిస్టర్ గుండా కెపాసిటర్ నిండే కాలం లెక్క పాఠాల్లో చదివిందే: 1.1 × రెసిస్టర్ × కెపాసిటర్. 1 మెగా ఓము, 100 మైక్రోఫారడ్‌లు పెడితే 110 సెకన్లు. రెండో దానికి 100 కిలో ఓములు, 10 మైక్రోఫారడ్‌లు పెడితే 1.1 సెకన్లు.

555ను హాన్స్ కామెంజిండ్ 1971లో రూపొందించాడు, 1972లో సిగ్నెటిక్స్ కంపెనీ బజారులోకి తెచ్చింది. లోపల మూడు 5 కిలో ఓముల రెసిస్టర్లు వరుసగా ఉండి సప్లయ్ వోల్టేజీని మూడు వాటాలు చేస్తాయి. అందుకే కెపాసిటర్ మూడింట రెండు వంతులకు నిండగానే టైమరు ముగుస్తుంది. ఆ మూడు ఐదుల వల్లే ఆ పేరు వచ్చిందని మా లెక్చరర్ చెప్పేవారు. ఆ మాటను కామెంజిండే కొట్టిపారేశాడని చాలా ఏళ్లకు తెలిసింది.

ఫిబ్రవరి 15

కోఠి గుజరాతీ గల్లీలో సామాన్లు కొన్నాను. సాయంత్రం బ్రెడ్‌బోర్డు మీద అన్నీ గుచ్చి, 12 వోల్టులు ఇచ్చి, ఫోనులో స్టాప్‌వాచ్ నొక్కాను.

నూటపది సెకన్ల తర్వాత పలకాల్సిన రిలే స్విచ్ వేసిన క్షణంలోనే టక్కుమంది. అంటే కరెంటు రాగానే మోటారు. చీపురుపుల్లకూ దీనికీ తేడా ఏముంది?

కాసేపటికి అర్థమైంది. సప్లయ్ లేచే క్షణంలో రెండో 555ను మొదలుపెట్టించే ట్రిగ్గర్ పిన్ ఇంకా సున్నా దగ్గరే ఉంటుంది. సప్లయ్‌లో మూడో వంతు కన్నా తక్కువ వోల్టేజీ కనిపిస్తే చాలు, అది ట్రిగ్గర్ అనుకుని పరుగు తీస్తుంది. దాన్ని కాసేపు నోరు మూయించడానికి రీసెట్ పిన్, అంటే 4వ పిన్ ఉంది. 22 కిలో ఓములతో 220 మైక్రోఫారడ్‌లు నింపేలా పెట్టి, కెపాసిటర్ నిండేదాకా నాలుగైదు సెకన్లు అది నోరెత్తదని లెక్క వేసుకున్నాను. కొలిస్తే వచ్చింది సెకనులో ఐదో వంతు! 4వ పిన్‌కు మూడింట రెండు వంతులతో పని లేదట. దాదాపు 0.7 వోల్టులు దాటగానే లేచి కూర్చుంటుంది. నాకు ఆ ఐదో వంతు సరిపోతుంది కాబట్టి అలాగే వదిలేశాను. ఆ కెపాసిటర్ నుంచి సప్లయ్ వైపు ఒక 1ఎన్4148 డయోడ్ కూడా వేశాను, కరెంటు పోగానే అది త్వరగా ఖాళీ అయ్యేలా.

ఫిబ్రవరి 16

ఇప్పుడు స్విచ్ వేయగానే పలకడం లేదు. అసలెప్పటికీ పలకడం లేదు.

రెండు నిమిషాలు, నాలుగు నిమిషాలు, టీ తాగి వచ్చాక కూడా నిశ్శబ్దం. టైమింగ్ కెపాసిటర్ మీద మీటరు పెడితే 7.4 వోల్టులు చూపించి అక్కడే ఆగిపోయింది. ముగియాలంటే 8 చేరాలి. మీటరు కూడా కొంచెం కరెంటు తాగుతుందని తీసేసి చూశాను. ఫలితం అదే.

కెపాసిటర్ నా పాత డబ్బాలోది. ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ చిల్లు కుండ లాంటిది. ఎంత మంచిదైనా కొంచెం కారుతుంది. పైనుంచి 1 మెగా ఓము గుండా వచ్చే ధార, కుండ 8 వోల్టుల దగ్గరికి వచ్చేసరికి 4 మైక్రో ఆంపియర్లకు సన్నబడుతుంది. నా పాత కుండ అంతకన్నా ఎక్కువే కారుస్తోంది. ఇక నిండేదెప్పుడు?

కొత్తది పెట్టాను. మొదటిసారి 131 సెకన్లు, రెండోసారి 122, మూడోసారి 118. వాడకుండా పడి ఉన్న ఎలక్ట్రోలైటిక్‌కు వోల్టేజీ తగిలేకొద్దీ లోపలి పొర మళ్లీ గట్టిపడి లీకేజీ తగ్గుతుంది, అందుకే ఈ దిగుడు. పని చేస్తోంది గదా అని సంతోషించవచ్చు. కానీ మే నెలలో, ఇనుప డబ్బాలో, నాయన తోటలో? వేడి పెరిగితే లీకేజీ పెరుగుతుంది. అసలు పలకని రోజు ఒకటి వస్తుంది. ఆ రోజు నేను ఇక్కడ ఉంటాను, ఆయన అక్కడ ఉంటాడు.

ఫిబ్రవరి 22

రెసిస్టర్ తగ్గించి కెపాసిటర్ పెంచితే ధార బలపడుతుంది గదా అని 220 కిలో ఓములు, 470 మైక్రోఫారడ్‌లతో లెక్క వేశాను. చివరి ధార 4 నుంచి 18 మైక్రో ఆంపియర్లకు పెరిగింది. బాగుంది. కానీ మామూలు ఎలక్ట్రోలైటిక్‌ల డేటాషీటులో లీకేజీ హద్దుగా రాసేది 0.01 × కెపాసిటెన్స్ × వోల్టేజీ. 25 వోల్టుల రకంలో 100 మైక్రోఫారడ్‌లకు 25 మైక్రో ఆంపియర్లు, 470కి దాదాపు 117. ధార నాలుగున్నర రెట్లు పెరిగితే చిల్లు కూడా దాదాపు అంతే పెరిగింది. కుండ పెద్దదైతే చిల్లూ పెద్దదే. రెసిస్టర్‌నూ కెపాసిటర్‌నూ ఎటు మార్చినా, ఆలస్యం అంతే ఉంచినంతకాలం ఈ పోటీ అక్కడే నిలబడుతుంది. నాకు ఇప్పటిదాకా తట్టని సంగతి ఇది. మంచి కెపాసిటర్లు ఈ హద్దుకు చాలా లోపల ఉంటాయి, నిజమే. కానీ అది తయారుచేసినవాడి దయ.

పెద్ద కుండ ఒక్కసారి నింపే బదులు చిన్న గ్లాసు వేలసార్లు నింపి లెక్కపెట్టుకోవడం మేలు. దానికి సీడీ4060 ఉంది. అలలు పుట్టించే ఆసిలేటరూ, వాటిని లెక్కపెట్టే 14 అంచెల కౌంటరూ ఒకే ఐసీలో.

మార్చి 1

4060లో ఒక అల పొడవు 2.3 × రెసిస్టర్ × కెపాసిటర్. 47 కిలో ఓములు, 0.1 మైక్రోఫారడ్ పాలియెస్టర్ కెపాసిటర్ పెడితే 10.8 మిల్లీ సెకన్లు. 3వ పిన్‌లోని ఆఖరి అంచె 8192 అలల తర్వాత లేస్తుంది, అంటే 88 సెకన్ల పైచిలుకు. 2వ పిన్ అందులో సగం, 44. 1వ పిన్ ఇంకా సగం, 22. పాలియెస్టర్‌లో చెప్పుకోదగ్గ లీకేజీ లేదు. వైరింగ్‌లో 9వ పిన్‌కు కెపాసిటర్, 10వ పిన్‌కు రెసిస్టర్, 11వ పిన్‌కు 470 కిలో ఓములు వెళ్లి, మూడూ ఒకచోట కలుస్తాయి.

3వ పిన్ లేవగానే లెక్క ఆగాలి. లేకపోతే అది మళ్లీ పడి, మళ్లీ లేచి, మూడు నిమిషాలకోసారి పచ్చ బటన్ నొక్కుతూ కూర్చుంటుంది. ఒక డయోడ్‌ను 3వ పిన్ నుంచి 11వ పిన్‌కు వేస్తే చాలు, ఆసిలేటర్ గొంతు పట్టుకున్నట్టు ఆగిపోతుంది. పది పైసల డయోడ్ చేసే ఈ పని నాకు చాలా ఇష్టం.

తర్వాత ఒక బీసీ547 ట్రాన్సిస్టర్ ఆ లేచే అంచును పడే అంచుగా తిరగేసి, 10 నానోఫారడ్ గుండా 555 ట్రిగ్గర్‌కు ఒక పోటు పంపుతుంది. 555 నుంచి రిలే పాతదే, కాయిల్ మీద 1ఎన్4007 డయోడ్‌తో. 4060లోని 6వ పిన్‌కు ఎల్ఈడీ తగిలించాను. లెక్క సాగినంతసేపూ సెకనున్నరకోసారి మినుకుమంటుంది. ఆగిపోతే ఆరిపోతుంది. మోటారు దగ్గర చేయి పెట్టినవాడికి అది హెచ్చరిక.

కొలత: 91, 91, 91, 91. నాలుగుసార్లూ అంతే. లెక్కకు మూడు సెకన్లు ఎక్కువ, అది కెపాసిటర్ మీద రాసి ఉన్న పది శాతం సడలింపులోదే. ఆ రాత్రి నిద్ర బాగా పట్టింది.

మార్చి 8

నిద్ర పట్టిన రాత్రులను నమ్మకూడదు. స్విచ్‌ను గబుక్కున ఆపి వేసి చూశాను. పల్లెలో కరెంటు అలాగే కొడుతుంది, అర సెకను పోయి వస్తుంది. ఆ అర సెకనులో కాంటాక్టర్ వదిలేస్తుంది, మోటారు ఆగుతుంది. కానీ నా బోర్డుకు సంగతే తెలియదు! ఏసీని డీసీగా మార్చే డయోడ్ల బ్రిడ్జి తర్వాత పెట్టిన 1000 మైక్రోఫారడ్‌ల కెపాసిటర్ ఆ అర సెకనూ దాన్ని బతికిస్తుంది. పని అయిపోయిందనుకుని 4060 హాయిగా ఆగి ఉంటుంది. మోటారు నిలిచి ఉంటుంది, వేలు కదలదు. నాయన మళ్లీ పుల్ల వెతుక్కుంటాడు.

అందుకని కరెంటు ఉందా లేదా అన్నది పెద్ద కెపాసిటర్‌ను అడగకుండా నేరుగా బోర్డుకు వోల్టేజీ దించే చిన్న ట్రాన్స్‌ఫార్మరును అడగాలి. దాని సెకండరీ (దించిన వైపు) నుంచి విడిగా ఒక డయోడ్, ఒక చిన్న కెపాసిటర్, దాన్ని ఖాళీ చేసే రెసిస్టర్, 5.1 వోల్టులు దాటితేనే దారి ఇచ్చే జీనర్, చివర ఒక ట్రాన్సిస్టర్. కరెంటు ఉన్నంతసేపూ ట్రాన్సిస్టర్ 4060 రీసెట్‌ను కింద పట్టి ఉంచుతుంది. కరెంటు పోతే పట్టు వదులుతుంది, రీసెట్ పిన్ (12వది) పైకి లేస్తుంది, లెక్క సున్నా. కరెంటు వచ్చాక చిన్న కెపాసిటర్ జీనర్ దాకా నిండేసరికి కొంత సమయం పడుతుంది గనుక మొదటి రీసెట్ కూడా అదే ఇస్తుంది. ఈ ఒక్క మూల సర్దడానికి పొద్దున్నుంచి రాత్రి దాకా పట్టింది. మిగతా బోర్డంతా కలిపి అంత సేపు పట్టలేదు.

మార్చి 15, తోటలో

415 వోల్టుల డబ్బాలో నేను చేయి పెట్టలేదు. మా ఊరి ఎలక్ట్రీషియన్ అన్నను పిలిచాను. ఫీజులు తీసి, టెస్టరుతో మూడు ఫేజులూ చూసుకుని పని మొదలుపెట్టాడు. నా రిలే చూడగానే ఒక మాట అన్నాడు.

"దీని మీద 250 వోల్టులని రాసి ఉంది. మీ కాయిల్ రెండు ఫేజుల మధ్య ఉంది, 415. దీన్ని తగిలిస్తే నాలుగు రోజుల్లో కాంటాక్టులు అంటుకుపోతాయి. అప్పుడు మీ నాయన పుల్ల, మీ డబ్బా రెండూ ఒకటే."

ఇన్ని రాత్రులు మైక్రో ఆంపియర్లు లెక్కపెట్టిన నేను ఇది చూడలేదు. సిగ్గుపడ్డాను. ఆయనే దారి చెప్పాడు. 415 నుంచి 230కి దించే 100 వోల్ట్-ఆంపియర్ల కంట్రోల్ ట్రాన్స్‌ఫార్మరు ఒకటి పెట్టి, కాంటాక్టర్‌కు 230 వోల్టుల కాయిల్ మార్చడం. నా బోర్డుకు ఆ 230 నుంచే 15 వోల్టుల ట్రాన్స్‌ఫార్మరు. 12 కాకుండా 15 ఎందుకంటే, మా లైను 340కి పడిపోయిన రోజున కూడా 12 వోల్టులు నిలకడగా ఇచ్చే 7812 రెగ్యులేటరుకు మేత సరిపోవాలి.

రిలే కాంటాక్టు పచ్చ బటన్‌కు మాత్రమే సమాంతరం. ఎర్ర బటన్, మోటారు ఎక్కువ కరెంటు లాగితే ఆపే ఓవర్‌లోడ్, ఒక ఫేజు పోతే ఆపే సింగిల్ ఫేజింగ్ ప్రివెంటర్ ఎక్కడివి అక్కడే వరుసలో ఉన్నాయి. మూడు ఫేజులూ లేకపోతే నా వేలు నొక్కినా ఏమీ జరగదు. ఓవర్‌లోడ్ పడితే వేలు రెండోసారి నొక్కదు. బయట ఆటో, మాన్యువల్ స్విచ్ ఒకటి. వాన పడిన రోజున నాయన దాన్ని తిప్పుకుంటాడు.

ఫీజులు వేశారు. ఎల్ఈడీ మినుకుమంది. నాయన గట్టు మీద కూర్చుని వేళ్లు ముడుస్తూ లెక్కపెట్టాడు. టక్. మోటారు గుర్రుమంది, కొంచెం ఆగి పైపులోంచి నీళ్లు దూకాయి.

"బాగుంది గానీ, అంతసేపెందుకు? పది సెకన్లు చాలదా?" అన్నాడు.

మార్చి 29

పక్క తోట మామ తనకూ ఒకటి కావాలన్నాడు. అచ్చం అలాంటిదే చేసి పెట్టాను. ఈ ఆదివారం రెండూ పక్కపక్కన పని చేస్తాయని గర్వంగా చూడబోయాను. కరెంటు వచ్చింది, రెండు ఎల్ఈడీలూ మినుకుమన్నాయి, తొంభై ఒకటో సెకనుకు రెండు మోటార్లూ ఒకేసారి లేచాయి. షెడ్డులో బల్బు కళ్లు మూసుకున్నట్టయింది. తోటలకు కరెంటిచ్చే ట్రాన్స్‌ఫార్మరు దగ్గర ఫట్‌మని ఒక ఫీజు పోయింది.

విద్యుత్ శాఖవాళ్లు ఆటో స్టార్టర్లు తీసేయమని ఎందుకు చెబుతారో ఆ శబ్దంతో నాకు బాగా అర్థమైంది. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇచ్చినప్పుడూ ఈ మాటే గట్టిగా చెప్పారు. అక్కడ భూగర్భ జలాల బెంగ కూడా ఉంది. మా లెక్క చిన్నది. మా ట్రాన్స్‌ఫార్మరు 25 కేవీఏ, ఫుల్‌లోడు కరెంటు 33 ఆంపియర్లు. దాని మీద నాలుగు 5 హెచ్‌పీ మోటార్లు, ఒక్కొక్కటి తిరిగేటప్పుడు దాదాపు 8 ఆంపియర్లు. అంతవరకూ సరిగ్గా సరిపోతుంది. కానీ లేచేటప్పుడు ఒక్కొక్కటి ఆరు రెట్లు లాగుతుంది. నాలుగూ కలిస్తే 190 దాకా. వోల్టేజీ కుంగుతుంది, మోటారు లాగుడు శక్తి వోల్టేజీ వర్గం లెక్కన పడిపోతుంది, ఏదీ త్వరగా లేవలేదు, అన్నీ ఆ పెద్ద కరెంటునే ఇంకాసేపు లాగుతూ ఉంటాయి.

నవ్వూ వచ్చింది. ఫిబ్రవరిలో 131, 122, 118 అంటూ నన్ను ఏడిపించిన ఆ చిల్లు కుండలే ఉంటే ఈ రెండు మోటార్లు ఎన్నడూ ఒక్క క్షణంలో లేచేవి కావు. సెకను తేడా రాకుండా చేయడానికి నెల రోజులు కష్టపడ్డాను. ఇక్కడ కావలసింది తేడానే.

ఏప్రిల్ 5

తేడా పెట్టడం తేలికే. బోర్డు మీద 1, 2, 3 పిన్‌లకు తీసి మార్చుకునే జంపర్ ముక్క పెట్టాను. ఒకదానికి 22 సెకన్లు, ఒకదానికి 44, ఒకదానికి 88. ఆపే డయోడ్ కూడా జంపర్‌తో పాటే మారుతుంది. నాలుగో బోర్డుకు 47 బదులు 68 కిలో ఓములు వేసి 2వ పిన్ వాడితే 64. ఒకదానికీ మరొకదానికీ ఇరవై సెకన్ల ఎడం. సబ్‌మెర్సిబుల్ రెండు సెకన్లలో లేచి నిలబడుతుంది, కాబట్టి కెపాసిటర్ల సడలింపు పోగా కూడా ఇది చాలా ఎక్కువ. మిగతా ఇద్దరు రైతులు కూడా తమ పాత డబ్బాలు తీసేసి ఇవి పెట్టుకోవడానికి ఒప్పుకున్నారు. ఫీజు పోయిన శబ్దం వాళ్లూ విన్నారు మరి. పంపు వెనక్కి తిరగడం 22 సెకన్లలో ఆగుతుందా అని నాకు అనుమానం. అందుకే 22 బోర్డు, కిందటేడు కొత్త వాల్వు వేయించిన బోరుకే ఇవ్వాలనుకున్నాను.

ఏప్రిల్ 12

నేను అనుకున్నంత తేలిక కాలేదు. గట్టు మీద నలుగురూ కూర్చున్నారు. 22 ఎవరిది, 88 ఎవరిది అని మొదలైంది.

"ముందు లేచిన మోటారుకే కదా నీళ్లు. ఆఖరివాడికి ఏం మిగులుతుంది?" అన్నాడు మామ.

తేడా ఒక నిమిషం ఆరు సెకన్లని, బోరులో నీళ్లు ఆ నిమిషంలో ఎక్కడికీ పోవని చెప్పాను. వాళ్లు విన్నారు, తలలూపారు, మళ్లీ మొదటికి వచ్చారు. వాల్వు సంగతి చెబితే, తనకూ కొత్త వాల్వే ఉందని ఇంకొకాయన అన్నాడు. అరగంట అయ్యాక నాయన లేచి తుండు దులుపుకున్నాడు.

"88 నాకు ఇవ్వరా. డబ్బా చేసింది మనవాడు, ఆఖరున మనమే ఉందాం."

మిగతా ముగ్గురూ చీట్లు వేసుకున్నారు. 22 కొత్త వాల్వున్న ఇద్దరిలో ఒకరికి పడింది, నా అదృష్టం. మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చింది. నాలుగు తోటల్లో నాలుగు ఎల్ఈడీలు మినుకుమన్నాయి. దూరంగా ఒకటి గుర్రుమంది, కాసేపటికి ఇంకొకటి, ఆ తర్వాత మామది. షెడ్డులో బల్బు ప్రతిసారీ కొంచెం కుంగి తేరుకుంది. మాది ఆఖరున లేచింది. నాయన చీపురుపుల్లతో స్టార్టరు డబ్బా మూలల్లో చీమలను ఊడుస్తున్నాడు.